తుమ్మకాయకు తోడేది?

మూడేళ్ల కిందట ఏప్రిల్ నెలలో మా దొడ్డిలో మూత్రపు ఘాటు ఉన్నట్టుండి తగ్గిపోయింది. తెల్లవారుజామున తడిక తీయగానే కళ్లు మండించే ఆ అమ్మోనియా వాసన మేకలు పెంచేవాళ్లందరికీ పరిచయమే కాబట్టి, అది లేకపోవడం ఎంత వింతో వేరే చెప్పనక్కర్లేదు. నేను మాత్రం వింత అనుకోలేదు. రోజూ ఊడ్పించి సున్నం చల్లిస్తున్నందుకు ఫలితం దక్కిందని మురిసిపోయాను. దొడ్డిలో వాసన తగ్గడానికీ, నా 22 మేకలు చిక్కిపోవడానికీ కారణం ఒకటేనని, ఆ కారణాన్ని వాటి ముందు బుట్టలతో పోస్తున్నది నేనేనని తెలియడానికి ఐదు వారాలు పట్టింది.

మాది ఉదయగిరి వైపు మెట్ట. నెల్లూరు అనగానే పెన్నా కాలవలూ వరిపొలాలూ గుర్తొచ్చేవాళ్లకు ఇది వేరే జిల్లాలా కనిపిస్తుంది. మాకు వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. సంక్రాంతి దాటాక గట్ల మీద పచ్చదనం రోజురోజుకూ తగ్గుతూ పోయి, మార్చి నాటికి వెలిగొండల అడుగున రాయీ కంపా తుమ్మా మిగులుతాయి. ఆ ఏడాది జీవాలు తోలే మనిషి మానేయడంతో, వేసవంతా దొడ్డిలోనే కట్టి మేపుదామని నిర్ణయించుకున్నాను. జొన్నచొప్ప నరికి వేయడం, నల్లతుమ్మ కాయలు ఏరించి బస్తాల్లో తెప్పించి పోయడం, అంతే నా పథకం. పెద్ద మేకకు రోజుకు ముప్పాతిక కిలో కాయలు పడేవి. తుమ్మకాయలో నూటికి పది పన్నెండు పాళ్లు మాంసకృత్తులు ఉంటాయనీ, చొప్పలో నాలుగైదుకు మించవనీ చదివి, రెండూ కలిపితే సుమారు తొమ్మిది వస్తుంది కనుక మేక నిలబడటానికి చాలునని కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. కూడికలో తప్పేమీ లేదు.

మొదటి వారం మేకలు కాయల మీద ఎగబడ్డాయి. రెండో వారానికి బుట్టలో సగం మిగలడం మొదలైంది. పెంటికలు మిరియాల్లా చిన్నవై నల్లబడి, వేళ్ల మధ్య పెట్టి నొక్కినా పగలనంత గట్టిపడ్డాయి. 24 కిలోలు తూగిన మేకను నెల తర్వాత వేలాడే కాటాకు తగిలిస్తే 21 చూపించింది. ఈనిన మూడు మేకలకు పొదుగులు వాలిపోయి, వాటి పిల్లలు రాత్రంతా అరిచేవి. కడుపులో పురుగులు, అంటే నట్టలేమోనని మందు పట్టించాను. తేడా రాలేదు.

అడిగిన చోటల్లా రెండే రకాల సమాధానాలు దొరికాయి. తుమ్మలో టానిన్లు ఉంటాయి, టానిన్లు విషం, తుమ్మ ఛాయకు మేకను పోనివ్వవద్దని ఒక పక్షం. టానిన్లు ప్రకృతి ఇచ్చిన మందు, వాటితో నట్టలు చస్తాయి, మాంసకృత్తులు ఆదా అవుతాయి, మీ మేకలకు వేరే ఏదో జబ్బు ఉండి ఉంటుందని రెండో పక్షం. రెండు పక్షాల చేతుల్లోనూ పరిశోధనల ఫలితాలు ఉన్నాయి, అవి చాలామటుకు నిజమైనవే. ఇద్దరూ ఆకును లేదా కాయను విడిగా పట్టుకుని తూచి తీర్పు చెబుతున్నారన్నదే నా అభ్యంతరం. టానిన్ మేకకు మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది ఆ పూట అదే పొట్టలో దానికి తోడుగా ఏమి పడిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని, ఆ వేసవి తర్వాత నాకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకానికి ఆధారాలేమిటో కొంచెం వివరంగా చెబుతాను.

టానిన్ అంటే మనకు తెలిసిన వగరే. పచ్చి అరటికాయ కొరికినప్పుడు, నేరేడు పండ్లు గుప్పెడు తిన్నప్పుడు నాలుక గరుకుగా బిగుసుకుపోతుంది. దాన్ని రుచి అంటాం గానీ అందులో స్పర్శే ఎక్కువ. నోటికి జారుడునిచ్చే లాలాజలంలోని మాంసకృత్తులను టానిన్లు పట్టుకుని ముద్ద కట్టిస్తాయి, జారుడు పోయి నోరెండినట్టవుతుంది. మాంసకృత్తి ఎక్కడ కనబడినా అతుక్కోవడమే వీటి స్వభావం. తుమ్మ చెక్క, తంగేడు చెక్క, కరక్కాయ వేసి పచ్చితోలును పదును చేసేది ఈ గుణంతోనే. తోలులోని మాంసకృత్తులు టానిన్లతో బిగిసిపోయాక కుళ్లించే సూక్ష్మజీవులకు అవి లొంగవు. సారా కాసేవాళ్లు ఊటలో తెల్లతుమ్మ చెక్క వేయడం కూడా ఇందుకేనట. ఊటలో కలిసి ఉన్న మాంసకృత్తులను చెక్కలోని వగరు గడ్డకట్టించి అడుగుకు దింపుతుంది. రసాయనశాస్త్రం చదవనివాళ్లు ఈ విద్యను ఎన్ని తరాలుగా వాడుతున్నారో తలచుకుంటే, నా కాగితం లెక్క మీద నాకే సిగ్గేస్తుంది.

ఇదే పని మేక పొట్టలో జరిగితే ఏమవుతుంది? నెమరువేసే జీవాల పొట్టలో నాలుగు గదులు ఉంటాయి. మొదటి పెద్ద గది, రూమెన్, జీర్ణాశయం అనడం కన్నా పులియబెట్టే కాగు అనడం సబబు. అందులో కోట్లాది సూక్ష్మజీవులు పీచును విరగ్గొట్టి మేకకు శక్తినిస్తాయి, తామే పెరిగి దిగువ గదుల్లో దానికి మాంసకృత్తులుగా అరుగుతాయి. మేకను మేపడమంటే ముందుగా ఆ సూక్ష్మజీవులను మేపడమే. వాటికి పీచుతో పాటు నత్రజని కావాలి. మేతలో మాంసకృత్తులు నూటికి ఏడు పాళ్లకు తగ్గితే అవి నీరసించి, చొప్ప ఎంత వేసినా అరగకుండా పొట్టలోనే కూర్చుంటుంది. ఇప్పుడు అందులోకి టానిన్ దిగింది. రూమెన్‌లో ఆమ్లత్వం స్వల్పం, పీహెచ్ ఆరేడు మధ్య ఉంటుంది. ఆ స్థితిలో టానిన్, మాంసకృత్తుల ముడి గట్టిగా నిలుస్తుంది. ఉన్న కాస్త మాంసకృత్తులకూ తాళం పడుతుంది, పైగా సూక్ష్మజీవుల ఎంజైములు కూడా మాంసకృత్తులే కాబట్టి టానిన్ వాటినీ వదలదు. పీచు అరగదు, పొట్ట ఖాళీ కాదు, మేకకు ఆకలి వేయదు. బుట్టలో సగం కాయలు మిగలడానికి కారణం ఇదీ. నా కాగితం మీది తొమ్మిది పాళ్ల మాంసకృత్తుల్లో ఎన్ని పాళ్లు తాళం లోపల ఉన్నాయో నేను లెక్కలోకి తీసుకోలేదు.

దొడ్డి వాసన సంగతి కూడా ఇక్కడే తేలింది. మామూలుగా రూమెన్‌లో మిగిలిన అమ్మోనియా రక్తంలోకి చేరి, కాలేయంలో యూరియాగా మారి మూత్రంలో పోతుంది. ఘాటు దానివల్లే. టానిన్లు మాంసకృత్తులను అరగనివ్వకపోతే ఆ నత్రజని మూత్రం దారి వదిలి పెంటికల దారి పడుతుంది. అంటే నేను డబ్బు పోసి కొన్న మాంసకృత్తులు నల్లటి మిరియాల రూపంలో దొడ్డి వెనక ఎరువుకుప్పకు చేరుతున్నాయి. వాటిని వేసిన వంగమడి ఆ ఏడాది బాగా కాసిందని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు.

ఇంతవరకూ చదివితే టానిన్ విషమన్న పక్షమే గెలిచినట్టుంటుంది. కానీ ఆ ముడికి ఒక బలహీనత ఉంది. నాలుగో గదిలో ఆమ్లం బలంగా ఉంటుంది, పీహెచ్ మూడుకు అటూఇటూగా దిగుతుంది. అక్కడ ఆ ముడి చాలావరకు విడిపోతుంది. మేతలో మాంసకృత్తులు దండిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా లేత పప్పుజాతి ఆకుల్లోలా రూమెన్‌లో ఇట్టే కరిగిపోయేవి ఉన్నప్పుడు, సూక్ష్మజీవులు వాడుకోలేనంత అమ్మోనియా పుట్టి మూత్రంలో వృథాగా పోతుంది. అటువంటి మేతకు కొంచెం వగరు తోడైతే మాంసకృత్తుల్లో ఒక వంతు రూమెన్‌ను తప్పించుకుని, నాలుగో గదిలో విడివడి, చిన్నప్రేగులో నేరుగా మేకకే అరుగుతుంది. లేత పచ్చిమేతతో వచ్చే కడుపుబ్బరాన్ని కూడా వగరు ఆపుతుంది, ఎందుకంటే ఆ ఉబ్బరంలో నురుగును నిలబెట్టేవి కరిగిన మాంసకృత్తులే. ఎండు మేత లెక్కన ఘనీభవ టానిన్లు, అంటే నీటితో విడిపోని రకం, నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లు ఉంటే మేలనీ, ఐదారు దాటితే మేతా అరుగుదలా రెండూ పడిపోతాయనీ సాధారణంగా చెబుతారు. చెట్టు చెట్టుకూ టానిన్ నిర్మాణం మారుతుంది కాబట్టి ఈ అంకెలను గీతలుగా కాక గుర్తులుగా చూడాలి. గింజ తీసిన నల్లతుమ్మ కాయ తొక్కలో టానిన్లు పదో వంతుకు పైనే ఉంటాయి. ముప్పాతిక కిలో కాయలు పోసినవాడు ఆ గుర్తులను ఎంత దూరం దాటి పోయాడో ఊహించుకోవచ్చు.

అయితే తరతరాలుగా మెట్టలో మేకలు తుమ్మ తింటూనే ఉన్నాయి కదా అని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను, మా ఊరి చివర అరవై ఏళ్లుగా జీవాలు తోలుతున్న ఒక పెద్దాయనను. ఆయనకు నేను మామ వరస పెట్టి పిలుస్తాను. దొడ్డిలోకి వచ్చి, గంప పక్కన కూర్చుని, ఒక కాయ విరిచి నాకే ఇచ్చాడు. “నమలబ్బయా” అన్నాడు. నమిలాను, మొహం చిట్లించాను. “నాలుగు కాయలు తిను చూద్దాం. తినలేవు గదా. అది కొండ మీద ఉంటే ఒక తుమ్మకాయ తిన్నాక రేగాకు కొరకతాది, ఆడ్నించి వేపరెమ్మ, ఆడ్నించి గడ్డిపోచ. నువ్వు కట్టేసి ఒకటే పెడతా ఉండావు. అది యాడికి బోవాల?”

ఆయన చెప్పింది పరిశోధకులు తమ పద్ధతిలో చూపించారు. అమెరికాలోని యూటాలో ఫ్రెడ్ ప్రొవెంజా, ఆయన సహచరులు బ్లాక్‌బ్రష్ అనే పొద మీద మేకలను గమనించినప్పుడు, పోషకాలు ఎక్కువగా ఉన్న లేత చిగుళ్లను వదిలి పాత రెమ్మలనే మేకలు కోరుకున్నాయి. చిగుళ్లలో టానిన్లు ఎక్కువగా ఉండటమే అందుకు కారణం. తిన్న తర్వాత కడుపులో కలిగిన ఇబ్బందిని ఆ రుచితో ముడిపెట్టి గుర్తుంచుకోవడం వల్ల మేక ఇలా చేస్తుంది. మిగిలిన సగం పాఠం పిల్లగా ఉన్నప్పుడు తల్లి వెంట తిరుగుతూ నేర్చుకుంటుంది. మేక పొట్ట కూడా వగరుకు అలవాటు పడుతుంది. ఆస్ట్రేలియాలో ముల్గా అనే తుమ్మజాతి చెట్టును మేసే అడవి మేకల రూమెన్ నుంచి, టానిన్ మధ్యలోనూ పెరగగల ఒక బ్యాక్టీరియాను 1994లో వేరుచేసి దానికి మేక పేరు మీదనే స్ట్రెప్టోకాకస్ కాప్రైనస్ అని పేరు పెట్టారు. మా దగ్గరి నెల్లూరు జొడిపి గొర్రెను, నాటుమేకను ఒకే బీటిలో వదిలితే గొర్రె తల దించి గడ్డి వెతుక్కుంటుంది, మేక ముందుకాళ్లు ఎత్తి కంప మీద పెడుతుంది. కంప మేయడానికి తగిన పొట్ట దానికి ఉంది. కానీ ఆ పొట్ట కూడా రకరకాల ఆకులు వరసగా పడతాయన్న నమ్మకం మీద తయారైనదే.

కనుక నా వాదన ఏమిటంటే, దొడ్డిలో కట్టి మేపడమంటే మేక ఎంపికను మనం లాక్కోవడమే, లాక్కున్నాక ఆ ఎంపిక బాధ్యత మన నెత్తిన పడుతుంది. దాన్ని మోయకుండా కాయను తిట్టడం, లేదా కాయకు హారతి పట్టడం, రెండూ తప్పించుకునే పద్ధతులే.

ఆ మే నెలలో నేను మార్చినవి ఇవీ. కాయలను రోజుకు పావుకిలోకు తగ్గించాను. నానబెట్టి తీసిన వేరుశనగ చెక్క మేకకు వంద గ్రాములు, దొరికిన రోజున అవిశాకు, లేకపోతే కంది పొట్టు కలిపాను. కాయలను కొంచెం దంచి బూడిద కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టాను. బూడిదలోని క్షారం టానిన్లను కొంతవరకు విరగ్గొడుతుంది. మొదటిసారి ఇనుప బాణలిలో నానబెట్టినందుకు తెల్లవారేసరికి నీళ్లు సిరాలా నల్లబడి, బాణలి అంచు దాకా మరక పట్టింది. ఇనుము తగిలిన టానిన్ నల్లగా మారుతుంది, పాతకాలపు సిరా తయారీ కూడా అదే. అప్పటి నుంచి ప్లాస్టిక్ తొట్టి వాడుతున్నాను గానీ, ఆ నలుపు చూశాక మేక పొట్టలో ఏం పోస్తున్నానో నాకు కళ్లారా తెలిసింది. ఆకులైతే కోసిన పూట పెట్టకుండా నీడన ఆరబెడితే వగరు తగ్గుతుంది. టానిన్‌ను మాంసకృత్తుల కన్నా గట్టిగా పట్టుకునే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి పరిశోధనశాలల్లో బాగా పనిచేస్తుంది. కానీ తుమ్మకాయను చౌకగా వస్తుందని వాడేవాడు దానికి విరుగుడుగా పొడి కొనడం గుర్రం కన్నా దాణా ఖరీదు కావడం లాంటిది.

మూడు వారాల్లో పెంటికలు మళ్లీ ముదురాకుపచ్చ రంగుకు తిరిగాయి. దొడ్డిలో ఘాటు కూడా తిరిగొచ్చింది, ఈసారి దాన్ని తిట్టుకోలేదు. రెండు నెలల లోపు పిల్లలకు మాత్రం కాయలు పూర్తిగా ఆపేశాను. వాటి రూమెన్ ఇంకా తయారై ఉండదు, వగరును అదుపు చేసే సూక్ష్మజీవులు ఇంకా చేరి ఉండవు.

నట్టల విషయంలో రెండో పక్షం వాళ్లతో కొంచెం గట్టిగానే విభేదించాలి. ఘనీభవ టానిన్లు ఉన్న మేత తిన్న జీవాల్లో హీమాంకస్ అనే రక్తం పీల్చే నట్టల గుడ్లు తగ్గాయని పలు దేశాల పరిశోధనల్లో తేలింది, దానితో నాకు పేచీ లేదు. కానీ కంప మీద మేసే మేకకు నట్టలు తక్కువగా ఉండటానికి ఇంకో సామాన్యమైన కారణం ఉంది. ఈ నట్టల పిల్లలు తడి గడ్డిపోచల మీద నేల నుంచి కొద్ది అంగుళాల ఎత్తులోనే ఎక్కువగా ఉంటాయి, ఛాతీ ఎత్తున మేసే నోటికి అవి అందవు. ఆ మేలంతా టానిన్ ఖాతాలో రాసి, తుమ్మాకు పెట్టామన్న ధీమాతో నవంబరు వానల్లో మందు పట్టించకుండా వదిలేస్తే, దవడ కింద నీరు దిగి కంటిరెప్ప లోపల తెల్లగా పాలిపోయిన మేక మిగులుతుంది. నేను వానాకాలంలో పదిహేను రోజులకోసారి కంటిరెప్ప తిప్పి చూస్తాను. ఎరుపు ఉన్నవాటిని వదిలేస్తాను, పాలిపోయినవాటికి మందు పట్టిస్తాను.

ఇంకొక గందరగోళం ప్రకాశం జిల్లా మిత్రుల దగ్గర వింటుంటాను. అక్కడ కాగితం మిల్లుల కోసం సుబాబుల్ విస్తారంగా వేశారు, కొట్టిన తర్వాత ఆకు గుట్టలుగా దొరుకుతుంది. అది ఎక్కువగా పెట్టినప్పుడు మేకలకు వెంట్రుకలు ఊడితే ఆ నింద కూడా టానిన్ మీదే వేస్తారు. సుబాబుల్‌లో టానిన్లు ఉన్న మాట నిజమే గానీ, వెంట్రుకలు ఊడేది మైమోసిన్ అనే వేరే పదార్థం వల్ల. దాని విషాన్ని విరిచే బ్యాక్టీరియా హవాయి మేకల పొట్టలో ఉందని గమనించి, 1980ల్లో దాన్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు. మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా, ఎండబెట్టి పెడితే సుబాబుల్ మంచి మేతే. పైగా చొప్పకు తోడుగా తుమ్మకాయ చేయలేని పని అది చేస్తుంది. అలాగే టానిన్లన్నీ ఒకటి కావు. కరక్కాయ జాతి చెట్లలో ఉండేది నీటితో విడిపోయే రకం, అది పొట్టలోనే విరిగి చిన్న ఫినాల్ పదార్థాలుగా రక్తంలోకి చేరుతుంది, మోతాదు మించితే కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. నల్లతుమ్మలో రెండు రకాలూ ఉంటాయి. మరోవైపు, మేక అడ్డసరం ఆకును ముట్టకపోవడానికి వగరుతో సంబంధం లేదు, అది చేదు ఆల్కలాయిడ్ల పని.

నాకు అసలు భయం వేరే చోట ఉంది. మామ చెప్పిన ఆ వరస, తుమ్మ తర్వాత రేగు, రేగు తర్వాత వేప, ఇప్పుడు మా బీళ్లలో సాగడం లేదు. 1877 ప్రాంతంలో పక్కనే కడప జిల్లా కమలాపురం వైపు విత్తనం వేసిన సర్కారు తుమ్మ వెలిగొండల రెండు వైపులా అల్లుకుపోయింది. దాని ఆకును మేక ముట్టదు, కాయ మాత్రం తీపి కాబట్టి తింటుంది, తిని గింజలు ఊరంతా చల్లుతుంది. దాని నీడలో రేగు, తెల్లతుమ్మ, జమ్మి పలచబడుతున్నాయి. చెట్ల రకాలు పదిహేను నుంచి మూడుకు పడిపోయిన బీట్లో మేకను వదిలినా, కట్టేసి ఒకటే పెట్టినా పెద్ద తేడా ఉండదు.

నల్లతుమ్మ గింజలను మేక పూర్తిగా నమలదు. రాత్రి నెమరువేసేటప్పుడు చాలావాటిని పెదవి పక్కనుంచి ఉమ్మేస్తుంది. తెల్లవారి ఊడిస్తే పెంటికల మధ్య నున్నగా మెరుస్తూ గుప్పెళ్లకొద్దీ దొరుకుతాయి. పొట్టలో నానిన ఆ గింజలు బాగా మొలుస్తాయని వెనకటికి మొక్కలు పెంచేవాళ్లు దొడ్ల నుంచే ఏరుకునేవారు. గత అక్టోబరులో మొదటి వాన పడ్డాక దొడ్డి వెనక ఎరువుకుప్ప అంచున మొలిచిన తుమ్మ మొక్కల్లో నాలుగింటిని మాత్రం ఉంచి మిగతావి పీకేశాను. ఆ జాగాలో సీమచింత, అవిశ, రేగు, జమ్మి నాటి చుట్టూ కంప కట్టాను. కంప ఒక పక్క సరిగ్గా పడలేదు. రెండు మేకలు దూరి, తుమ్మ మొక్కలను దాటి, వరసలో చివర ఉన్న అవిశ మొక్కలను మొదలంటా తినేశాయి.